మాపటి అప్పగింత

మొన్న దుకాణం పార్సిల్ ఒకటి ఎల్లారెడ్డి బస్సులో వేయడానికి కామారెడ్డి బస్టాండుకు వెళ్లి నిలబడితే తడిసిన తునికాకు వాసన ముక్కుకు తగిలింది. అయిదేళ్లు ఆ వాసన పీల్చి బతికినవాణ్ణి, పొరబడే ప్రశ్నే లేదు. వెనక్కి తిరిగితే బెంచీ మీద లచ్చక్క కూర్చుని ఉంది. ఒళ్లో తడిగుడ్డ మూట. కూతురి కాన్పుకని పెద్దాసుపత్రికి వచ్చిందట. ఆసుపత్రి వరండాలో కూర్చుని కూడా బీడీలు చుట్టిందట. పాత రోజుల్లో మా బీడీ కార్ఖానా మొత్తానికి వినబడే గొంతు ఆమెది. ఇప్పుడు బస్టాండు మొత్తానికి వినబడింది.

"సారూ, అవ్వ సచ్చిపోయింది, ఎరికేనా?"

ఎల్లారెడ్డిలో నాకు తెలిసిన అవ్వలు చాలామందే ఉన్నారు. అయినా ఏ అవ్వ అని నేను అడగలేదు.

"ఎట్ల?" అన్నాను.

"ఎట్లేంది? మాపటికి ఇంత తిన్నది, దేవునికి చెప్పుకున్నది, పండుకున్నది. తెల్లారి నేను చాయ పట్టుకపోతె లేవలే. చాటల సగం కట్ట గట్లనే ఉన్నది."

సగం కట్ట అనగానే బస్సు వస్తోందేమో చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను. ఏమీ ఎరగనట్టు నిలబడటం నాకు ముందునుంచీ బాగా వచ్చు. ఆ అవ్వ విషయంలో అది ఎంత బాగా వచ్చో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

తెలంగాణ రాకముందు అయిదేళ్లు నేను ఎల్లారెడ్డిలో ఒక బీడీ కార్ఖానాలో చెకింగ్ చేసేవాణ్ణి. మాది భిక్నూర్. డిగ్రీ చదివి, కానిస్టేబుల్ పరీక్ష రెండుసార్లు తప్పి, ఆ పనిలో పడ్డాను. ఆడవాళ్లు ఆకూ తంబాకూ ఇంటికి తీసుకుపోయి చుట్టి, ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట కట్టి, మధ్యాహ్నం తెచ్చి నా బల్ల మీద పెట్టేవాళ్లు. దాన్నే అప్పజెప్పుడు అంటారు. నేను కట్టను వేళ్లతో నొక్కి చూసి, మెత్తగా ఉన్నవీ వంకర ఉన్నవీ తీసి విరిచి బుట్టలో పడేసేవాణ్ణి. విరిచేటప్పుడు ఎదుటి మనిషి ముఖం చూడకూడదని మొదటి వారంలోనే నేర్చుకున్నాను. నన్ను ఏమని తిట్టుకునేవాళ్లో లచ్చక్క పుణ్యమా అని ఎదురుగానే వినేవాణ్ణి.

అందరూ నా చేతుల వైపు చూస్తే అవ్వ నా కళ్ల వైపు చూసేది. పొట్టి మనిషి. బీడీ మూతి మడవడానికి కుడిచేతి బొటనవేలి గోరు పొడుగ్గా పెంచుకుంది. ఆకు చేతికి ఇవ్వగానే ముందు వాసన చూసేది, కూరగాయలు కొనేవాళ్లు వంకాయ తిప్పి చూసినంత శ్రద్ధగా. దారాన్ని అందరూ రెండు చుట్లు చుట్టి వదిలేస్తే ఆమె మూడో చుట్టు చుట్టి, కొసను లోపలికి దోపేది. కళ్లు మూసుకుని తడిమినా అది అవ్వ కట్ట అని చెప్పగలిగేవాణ్ణి. అందులో విరవడానికి నాకు ఏమీ దొరికేది కాదు.

"ఒక్కటన్న ఇరగ్గొట్టు బిడ్డా," అనేది నవ్వుతూ. "లేకుంటె సేటు నీకు జీతమెందుకిస్తడు?"

బీడీలు చేసే ఇండ్లలో సాయంత్రంతో పని అయిపోదు. అన్నాలు తిన్నాక బల్బు కింద మళ్లీ చాట ముందు కూర్చుంటారు. పదింటికో పదకొండింటికో లేచి, మర్నాటి ఆకు తడిపి, గోనెగుడ్డలో చుట్టి, అప్పుడు నడుం వాలుస్తారు. అలా నాని మెత్తబడితేనే పొద్దున కత్తెర పెట్టినప్పుడు ఆకు పగలదు. అవ్వ ఒక్కతే పొద్దు ఉండగానే ఆకు తడిపేసేది. చేతిలో ఉన్న ఎర్ర దారం నల్లగా కనబడటం మొదలైందంటే ఆమె పని ఆగిపోయేది. కట్ట సగంలో ఉన్నా అంతే, ఇంకో నాలుగు చుడితే నిండుతుందన్నా అంతే. సగం కట్టను చాటలో అలాగే ఉంచి, ఆకు మూట పక్కనే కూర్చుని కళ్లు మూసుకునేది.

పొద్దుగూకాక ఆమె ఇంట్లో పంచాయితీలు కూడా ఉండేవి కావు. ఒకసారి పక్కింటామె మేక తన గోడెక్కిందనో ఏదో సందె వేళ కొట్లాటకు వస్తే, "గిప్పుడొద్దు బిడ్డా, పొద్దుగాల రా, మంచిగ కొట్లాడుకుందం" అని పంపేసిందట. పక్కింటామె పొద్దున రాలేదు. కరెంటు పోతే వాడంతా తిట్లు అందుకునేది. అవ్వ మాత్రం "కరెంటోడు గూడ అప్పజెప్పిండు" అని నవ్వేదని లచ్చక్క చెప్పి తానూ నవ్వేది. పండుగల ముందు కంపెనీ ఎక్కువ సరుకు అడిగినప్పుడు అందరూ పోటీపడి ఆకు తీసుకుంటే, అవ్వ తన పాలు తీసుకుని మిగతాది వెనక్కి నెట్టేసేది.

నేను అద్దెకున్న గది వాళ్ల వాడ దారిలోనే ఉండేది. సాయంత్రాలు ఆమె అలా కూర్చోవడం చాలాసార్లు చూశాను. ఆ వాడలో చర్చికి పోయేవాళ్లు చాలామంది ఉన్నారు. ప్రార్థన కొత్త సంగతి కాదు. కానీ అవ్వ ప్రార్థన అనేది కాదు, అప్పజెప్పుడు అనేది. ఒకరోజు ఏడిపిద్దామని అడిగాను.

"ఏందవ్వా, కోళ్లకంటె ముందే పండుకుంటవట?"

"పగటీలి నీకు అప్పజెప్త, మాపటికి ఆయనకు అప్పజెప్త. ఆయన చెకింగ్ నీ అంత కరుకుగుండదు బిడ్డా. వంకరయి గూడ తీస్కుంటడు."

"సగం కట్ట గూడ తీస్కుంటడా?"

"ఎందుకు తీస్కోడు? పొద్దుగాల మల్ల నా చేతికే ఇస్తడు, నిండ చెయ్యుమని."

మీ దేవుడు నిద్రమాత్రలు అమ్ముతాడా ఏంది అన్నాను. అవ్వ నాతోపాటు నవ్వింది. అది ఎగతాళి అని తెలియక కాదు.

నిద్రమాత్రల మాట నా నోట్లోంచి ఊరికే రాలేదు. ఆ రోజుల్లో నాకు సరిగ్గా నిద్ర ఉండేది కాదు. గోడౌను తాళం నా చేతిలో ఉండేది. వేసిన తాళాన్ని మూడుసార్లు లాగి చూసి, గదికి పోయాక మళ్లీ వచ్చి లాగి చూసేవాణ్ణి. పరీక్షలు తప్పినవాడికి ఈ పని కూడా పోతే భిక్నూర్‌లో ముఖం ఎలా చూపించాలన్న భయం. నా కళ్లు చూసి కాబోలు, అవ్వ ఒకనాడు అందరూ వెళ్లాక అక్కడే కూర్చుని తన సంగతి చెప్పింది.

"మా ఆయిన పనికని బొంబాయి వోయిండు, మల్ల రాలే. మూడేండ్లు రాత్రంత తలుపు దిక్కే సూసిన. కుక్క మొరిగితె లేసుడు, బస్సు సప్పుడైతె లేసుడు. మా పాస్టరయ్య అచ్చి, అవ్వా, తలుపు దేవునికి ఇడ్సిపెట్టు, నువ్వు పండుకో అన్నడు. నాకు మస్తు కోపమచ్చింది. గని ఒక మాపు పానం అల్సిపోయింది. తండ్రీ, ఇగ నాతోని గాదు, నువ్వే సూడు అన్న. నిద్ర వట్టింది."

"మరి ఆయిన అచ్చిండా?"

"రాలే. అయినా నిద్ర వట్టింది." కొంగు సర్దుకుని లేచింది. "దేవుడు కావలి ఉన్నంక నేను గూడ మేల్కొని కూసుంటె, ఆయన్ని నమ్మనట్టే గద బిడ్డా?"

ఆమె వెళ్లాక తాళం వేసి, మూడుసార్లు లాగి చూసుకున్నాను.

గోడౌనుకు వెనకవైపు ఒక కిటికీ ఉండేది. ఆకుకు గాలి తగలడానికి పగలు తెరిచి ఉంచి, సాయంత్రం మూయాలి. వానాకాలంలో ఒక శనివారం ఇంటికి పోయే తొందరలో, కామారెడ్డి బస్సు తప్పిపోతుందని పరుగెత్తాను. ముందు తలుపు తాళం మూడుసార్లు లాగాను. వెనక కిటికీ మరిచిపోయాను. ఆ రాత్రీ ఆదివారమంతా ముసురు పట్టింది. సోమవారం వచ్చి చూస్తే కిటికీ కింది బస్తాలు నానిపోయి ఉన్నాయి. సేటుకు ఒక ఫోను చేస్తే సరిపోయేది. తిట్టేవాడు, బహుశా అంతటితో ఊరుకునేవాడు. నేను ఫోను చేయలేదు. బస్తాలు తిరగేసి, పైపైన ఆరబెట్టి, ఆ వారం ఆడవాళ్లకు ఆ ఆకే ఇచ్చాను.

అవ్వ అలవాటు ప్రకారం వాసన చూసింది. నాకొక్కడికే వినబడేట్టు, "ఇది గోడౌన్ల తడిసిన ఆకు బిడ్డా. ఇంట్ల తడిపిన ఆకు వాసన ఏరే ఉంటది" అంది.

"తీస్కుంటె తీస్కో, లేకుంటె పో," అన్నాను. ఆమెతో అంతకుముందెన్నడూ అలా మాట్లాడలేదు. ఆమె తీసుకుని వెళ్లిపోయింది.

పదిహేను రోజులకు కామారెడ్డి డిపో నుంచి పెట్టె ఒకటి తిరిగి వచ్చింది. కట్టల మీద తెల్లగా బూజు. దాని వెనకే సేటు వచ్చాడు. సరిగ్గా అప్పజెప్పే వేళ, వరండా నిండా ఆడవాళ్లు. పెట్టెను నా బల్ల మీద బోర్లించి, "ఎవలి పని ఇది?" అని అరిచాడు. అందులో అందరి కట్టలూ కలిసే ఉన్నాయి. మూడు చుట్ల దారం ఉన్నవి ఏ నాలుగైదో కనిపించాయి.

"అవ్వయి సేటు," అన్నాను. "ఈమె పొద్దుండంగనే ఆకు తడిపి, మూట గట్టి పండుకుంటది. గంతసేపు తడిగుడ్డల ఉంటె బూజు వట్టదా?"

ఎంత తెలివిగా చెప్పానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు చచ్చిపోతుంది. ఆమెకు ఈ లోకంలో దొరికిన కాస్త నెమ్మదిని పట్టుకుని అదే ఆమె నేరమని చూపించాను. ఊరందరికీ తెలిసిన అలవాటు, ఆమె కాదనలేదు. తడిసిన ఆకు సంగతి పసిగట్టిన మనిషి కూడా ఆమె ఒక్కతే. ఆ లెక్క నా మనసులో లేదని రాయాలని ఉంది. కానీ ఆ లెక్క ఉంది.

"పండుకునేటోళ్లతోని పనేమయితది?" అన్నాడు సేటు. "కార్డు తీస్కో."

ఆ కార్డు ఉంటేనే కార్ఖానా ఆకు ఇస్తుంది. ముప్పై ఏళ్లుగా బీడీలు చుట్టిన మనిషికి తాను బీడీ మనిషినని చూపించుకోవడానికి ఉన్నది అదొక్కటే. లచ్చక్క లేచి నిలబడింది.

"అవ్వ ఆకు ఎన్నడన్న ఖరాబైందా సారూ? నువ్వే గద చూస్తవు దినాం. నీ నోటితోని చెప్పు!"

నేను విరిగిన బీడీల బుట్టలోకి చూస్తూ కూర్చున్నాను.

"ఊకో బిడ్డా," అంది అవ్వ ఆమెతో. కొంగు ముడి విప్పి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన కార్డు తీసి బల్ల మీద పెట్టింది. దాని మీది ఫోటోలో ఆమె జుట్టు నల్లగా ఉంది. తర్వాత ఎప్పటిలాగే నా కళ్లలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"మొగులైంది బిడ్డా," అంది. "కిటికి పెట్టినవా?"

మబ్బు పడితే కిటికీ సంగతి ఎందుకో సేటుకు అర్థం కాలేదు. లచ్చక్కకూ కాలేదు. నేను లేచి గోడౌను వెనక్కి వెళ్లి, కిటికీ రెక్కలు దగ్గరికి లాగి గడియ పెట్టాను. తిరిగి వచ్చేసరికి అవ్వ వెళ్లిపోయింది.

మూడు రోజులు నాకు కంటి మీద కునుకు లేదు. నాలుగో రోజు సాయంత్రం ఇక ఓర్చుకోలేక వాళ్లింటికి బయల్దేరాను. కాళ్లు పట్టుకుని నిజం ఒప్పుకుందామనీ, మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని సేటు దగ్గరికి పోదామనీ దారి పొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల అవ్వ చాటను గోడకు ఆనించి పెట్టింది. తడపడానికి ఆకు లేదు. అయినా గోనెగుడ్డను మడత పెట్టి, ఎప్పుడూ ఆకు మూట ఉండే చోటే పెట్టి, దాని పక్కన కూర్చుంది. నేను పిలవబోయేంతలో ఆమె మొదలుపెట్టింది. గోడ పక్కన అలాగే నిలబడిపోయాను.

"తండ్రీ, ఇయ్యాల్ది అప్పజెప్తున్న. మోకాలు నొస్తున్నది, అది నీకెరికె. లచ్చి బిడ్డ పరీచ్చలు రాస్తున్నది, జర సూడు. రేపు ఎవలింట్ల పని అడగాల్నో నాకు తెల్వది. అది నీ దగ్గరుంచుకో, పొద్దుగాల చెప్పు." ఆ తర్వాత గొంతు తగ్గించింది. "ఆ కార్ఖాన పిలగాడు. వానికి నిద్ర లేదు తండ్రీ, కండ్లు సూస్తె ఎరికైతలేదా? భయంతోని గట్లన్నడు. నాకు కోపమచ్చింది, ఇంక పోలే, అది గూడ తీస్కో. వాని మీదున్న బరువు ఈ రాత్రికి నువ్వు పట్టుకో. పండుకోనియ్యి."

చెప్పులు చేతిలో పట్టుకుని, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను.

గదికి వచ్చి అన్నం తిన్నాను. పడుకున్నాను. తాళం చూసి రావడానికి కూడా లేవలేదు. ఎండ ముఖాన పడేదాకా ఒళ్లెరగని నిద్ర. నన్ను నేను ఎరుగుదును. ఇంకో రెండు రాత్రులు నిద్ర లేకపోయి ఉంటే తట్టుకోలేక నిజం కక్కేసేవాణ్ణి. నా గట్టితనం అంతవరకే. కానీ ఆ పొద్దున లేచేసరికి తల తేలిగ్గా ఉంది, ఒళ్లు తేలిగ్గా ఉంది. ఇప్పుడు పోయి ఎందుకులే కెలకడం అనిపించింది. ఆమె నా కోసం దేవుణ్ణి అడిగి ఇప్పించిన నిద్రను నేను నోరు మూసుకోవడానికి వాడుకున్నాను. అబద్ధం చెప్పినందుకు కూడా నేను ఇంత సిగ్గుపడను.

రెండు నెలలు ఆమె మక్కజొన్న చేన్లలో కూలికి పోయిందని విన్నాను. ఆ తర్వాత లచ్చక్క తెచ్చే కట్టలు పెరిగాయి. ఒకటి చేతిలోకి తీసుకుంటే దారం మూడో చుట్టు వేలికి తగిలింది. కార్డు లేనివాళ్లు ఇంకొకరి కార్డు మీద చుట్టడం మా దగ్గర కొత్తేమీ కాదు. బయటపడితే ఇద్దరి పనీ పోతుంది. నేను బయటపెట్టలేదు. మూడు చుట్ల కట్ట కనిపిస్తే నొక్కి చూడకుండానే పక్కన పెట్టేవాణ్ణి. ఏదో పెద్ద ఉపకారం చేస్తున్నట్టు లోలోపల పొంగిపోయేవాణ్ణి కూడా. ఒకసారి సేటు నవ్వుతూ ఉన్న సమయం చూసి, "ఆ అవ్వను మల్ల పెట్టుకుందమా సేటు" అన్నాను. "ఆమె పని ఖరాబన్నది నువ్వే గదా?" అన్నాడు. అక్కడితో నా ధైర్యం అయిపోయింది. తెలంగాణ వచ్చిన ఏడు ఎండాకాలంలో ఆ పని మానేసి కామారెడ్డిలో ఎరువుల దుకాణంలో చేరాను.

ఇవన్నీ కళ్ల ముందు తిరుగుతుంటే బస్టాండులో లచ్చక్క తన ధోరణిలో తాను మాట్లాడుతూనే ఉంది.

"అవ్వ కట్టలు నువ్వు ఎరుకవట్టినవని ఆమెకెరికె సారూ. ఒక్కటి గూడ ఇరగ్గొడ్తలేడంట గదనే, గట్ల చెయ్యద్దని చెప్పు, కండ్లు మసకైనయి, వంకరయి అస్తున్నయి, తియ్యమను అనేది. నాకేం పని, నేను చెప్పలే."

ఎల్లారెడ్డి బస్సు వచ్చింది. పార్సిల్ డ్రైవరు దగ్గర పెట్టి వచ్చేసరికి లచ్చక్క ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, మూట ఒళ్లో సర్దుకుంటోంది. నన్ను చూసి చెయ్యి ఊపి దగ్గరికి పిలిచింది.

"ఇంకోటి మర్సిపోయిన. అవ్వ ఊకె అడిగేది, ఆ పిలగానికి నిద్ర వడ్తున్నదంటనా అని. నాకేం తెలుసు అనేదాన్ని. వడ్తున్నదా సారూ?"

ఆ వానాకాలం కిటికీ తెరిచి ఉంచింది నేనే అని అప్పుడైనా చెప్పొచ్చు. లచ్చక్క చెవిన వేస్తే బస్సు ఎల్లారెడ్డి చేరగానే వాడంతా తెలిసిపోయేది. చనిపోయాకైనా అవ్వ మీది మాట తొలగిపోయేది. చెబుదామని నోరు తెరిచాను. డ్రైవరు హారన్ కొట్టాడు. లచ్చక్క నా ముఖంలోకి చూస్తూ ఎదురుచూస్తోంది.

"వడ్తున్నది," అన్నాను.

అది అబద్ధం కాదు. అవ్వ గోడ పక్కన నిలబడిన ఆ సాయంత్రం నుంచి ఒక్క రాత్రీ తప్పకుండా నాకు నిద్ర పడుతూనే ఉంది.